తెల్ల కాగితం మీద రెండు పుస్తెలు

ఇప్పటికీ కరెంటు పోయిందంటే నేను ఉన్నచోటే కొయ్యబారిపోతాను. అడుగు తియ్యను, చెయ్యి చాపను. వెలుగొచ్చేదాకా కుర్చీ పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. పక్కింటావిడ నవ్వుతుంది, ఈ వయసులో చీకటంటే భయమేంటని. నాకు చీకటంటే భయం లేదు. చీకట్లో నేను దేన్ని తన్నేస్తానో అని భయం. అది నన్ను పట్టుకున్న రోజు గురించే చెబుతాను.

మాది తణుకు. మా ఆయనకి బజారులో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, పాస్‌పోర్టు సైజులు, అన్నీ తీసేవారు. ఆయన పోయాక కొన్నాళ్ళు నేనే నెట్టుకొచ్చాను. తర్వాత ఎవరి ఫొటో వాళ్ళే ఫోనులో తీసుకోవడం మొదలెట్టారు. ఇక బజారులో గదెందుకని వదిలేసి, ఇంటి వెనక గదిలో వస్తువుల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. షాపులవాళ్ళంతా ఇప్పుడు ఫోనుల్లోనే సరుకు చూపించి అమ్ముతున్నారు కదా, వాళ్ళకి కావాలి. మనుషుల కన్నా వస్తువులే నయం. నన్ను కాస్త తెల్లగా తియ్యండని అడగవు.

వస్తువు అడగదు గానీ షాపువాడు అడుగుతాడు. వెనకంతా తెల్లగా ఉండాలండి, నీడ పడకూడదండి, వస్తువు ఒక్కటే కనబడాలండి! తెల్ల కాగితం పరిచి తీస్తే తెల్లగా వచ్చేస్తుందనుకుంటారు. ఎక్కడొస్తుంది? కెమెరా దాన్ని మబ్బు పట్టిన ఆకాశం చేసి పెడుతుంది. అందుకని గోడకి తెల్ల కాగితపు చుట్ట తగిలించి, మడత పడకుండా వంపుగా టేబుల్ మీదికి దింపి, ముందు అంచు నుంచి కిందకి వేలాడదీస్తాను. మిగిలిన కాగితం అక్కడ మోకాళ్ళ దగ్గర చుట్టుకుని ఉంటుంది. అటొక లైటు, ఇటొక లైటు. రెంటికీ ముందు పల్చటి తెల్లగుడ్డ, వెలుగు మెత్తగా పడటానికి. పక్కల థర్మాకోల్ ముక్కలు, నీడల్ని తుడవటానికి. బయటి వెలుగు రాకుండా కిటికీకి నల్లగుడ్డ. కాగితం కదులుతుందని ఫ్యాను కూడా వెయ్యను. వేసవిలో ఆ గదిలో పని చేసి చూడండి, తెలుస్తుంది.

అన్నింట్లోకీ పీడ బంగారం. అది తన మొహం చూపించదు, ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. అందులోనూ పుస్తెలు మరీను. పుట్టింటివాళ్ళది ఒకటి, అత్తింటివాళ్ళది ఒకటి, రెండూ మూకుడు బోర్లించినట్టు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి గదంతా వాటిలోకి దిగిపోతుంది. మొదటిసారి తీసినప్పుడు కంప్యూటర్లో పెద్దది చేసి చూద్దును కదా, ప్రతి పుస్తెలోనూ కెమెరా వెనక వంగుని నేనే! మొగుడు పోయినదాన్ని, ఊళ్ళోవాళ్ళ కొత్త పుస్తెలన్నింట్లోనూ ఎక్కి కూర్చున్నాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. షాపువాళ్ళు చూస్తే ఇంకేమైనా ఉందా? అప్పటినుంచి నాకు ముందు తెల్లగుడ్డ కట్టుకుని, లెన్సు పట్టేంత కన్నం చేసి, దాని వెనక దాక్కుని తీస్తున్నాను.

మేం క్రైస్తవులం, లూథరన్లం. తెల్ల చీర కట్టుకునే పెళ్ళి చేసుకున్నాను నేను. నాకు తెలుపంటే పెళ్ళి. నాకు పని ఇచ్చే బంగారం షావుకారు గారింట్లో తెలుపంటే వేరు. ఆయన భార్య మొదటిసారి నా గదికి వచ్చి, ఆ కాగితం చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"పుస్తెల్ని తెల్లదాని మీద పెట్టడమేంటండీ, తప్పు కదా?"

"మరి ఫోనుల్లో అలాగే పెట్టాలంటున్నారండి మీవారు" అన్నాను. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. కాగితం పై మూలన, ఫొటోలో పడని చోట, నేను పసుపు బొట్టు పెట్టాలి. ఆ తర్వాతే పుస్తెలు పెట్టాలి. ఆవిడ చూడకపోయినా నేను ఏ రోజూ మానలేదు. పసుపు డబ్బా ఆ గదిలోనే, లెన్సుల పక్కన ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే షాపు గుమస్తా గారు నగల డబ్బా ఇచ్చి వెళ్ళిపోయారు. పెద్దాయన. నేను కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ గల్లా పక్కనే చూస్తున్నాను ఆయన్ని. డబ్బాలో అన్నీ కొత్త పుస్తెల జతలు, ఒక్క జత తప్ప. ఆ జత అరిగి, మెత్తబడి, సందుల్లో పసుపు గట్టిపడిపోయి ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత పసుపు పట్టినదాన్ని తెల్ల కాగితం మీద ఎలా తియ్యమంటారు, కాగితమంతా పచ్చ కొడుతుంది! పాతకాలం మోడలు చూపించుకోవడానికి పంపారేమో అనుకున్నాను. కొంచెం మైనంతో రెండింటినీ కాగితం మీద నిలబెట్టి, ముందు వెలుగు సరిపోయిందో లేదో చూద్దామని ఒక ఫొటో తీశాను. అంతే, కరెంటు పోయింది.

ఆ గదిలో కరెంటు పోతే పగలూ లేదు రాత్రీ లేదు. విసుక్కుంటూ లేచాను, మోకాలు టేబుల్‌కి తగిలింది. నగల డబ్బా బోల్తాపడి ఏవో దొర్లిన చప్పుడైంది. తడుముకుంటూ వెళ్ళి కిటికీ గుడ్డ లాగేసరికి కరెంటు కూడా వచ్చింది. కింద పడినవి, మీద పడినవి ఏరి డబ్బాలో వేశాను. సర్దుదాంలే అని టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. టీ పొంగుతుండగా ఫోను మోగింది. గుమస్తా గారు.

"మేడమ్ గారూ, కొంప మునిగిందండీ. ఆ డబ్బాలో మా అమ్మగారి సూత్రాలు వచ్చేసాయండి. పాతవి, ఒక జత. అవి పక్కన పెట్టండి, కారేసుకుని వచ్చేస్తున్నాను."

షావుకారు గారికి గుండె ఆపరేషనని, రాజమండ్రిలో చేర్చారని నాకు తెలుసు. తెలియనిది ఏంటంటే, బయల్దేరే ముందు ఆయన భార్య సూత్రాల గొలుసు తెగింది. వాళ్ళు తెగిందని కూడా అనరు, పెరిగింది అంటారు. మెళ్ళో పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని, పుస్తెల్ని కొత్త గొలుసుకి ఎక్కించమని షాపుకి పంపిందట. మామూలుగా బాగుచేతకి వచ్చిన ప్రతి వస్తువుకీ షాపులో పేరు రాసి చీటీ కడతారు. దీనికి కట్టలేదు. అయ్యగారు ఆపరేషనుకి వెళ్తుంటే అమ్మగారి సూత్రాలు మెళ్ళో లేవని చీటీ మీద రాయడానికి ఎవరికి చెయ్యొస్తుంది? పైకి అనడానికే నోరు రాలేదు. ఎవరూ ఎవరికీ చెప్పకుండా ట్రేలో ఒక మూల పెట్టారు. ఈ గుమస్తా గారు ఆ ట్రే ఎత్తి నా డబ్బాలో వంచేసుకుని తెచ్చారు.

పొయ్యి కట్టేసి గదిలోకి పరుగెత్తాను. డబ్బా బోర్లించాను. కొత్త జతలన్నీ ఉన్నాయి. పాతది ఒక్కటే ఉంది.

ఓరి దేవుడా! అసలు రెండూ వచ్చాయా అని కంప్యూటర్లో ఆ ఒక్క ఫొటో తెరిచి చూశాను. వచ్చాయి. తెల్లటి తెలుపు మీద రెండూ పక్కపక్కనే, నీడ కూడా లేకుండా నిలబడి ఉన్నాయి. అంత బాగా కుదిరిన ఫొటో నేను ఎప్పుడూ తియ్యలేదు.

వెతికాను. టేబుల్ కింద, లైటు స్టాండ్ల కాళ్ళ దగ్గర, థర్మాకోల్ ముక్కల వెనక, నా చీర కుచ్చిళ్ళలో కూడా. అప్పుడు మా ఆయన చేసే పని గుర్తొచ్చింది. చిన్న స్క్రూ కింద పడితే ఆయన లైట్లన్నీ ఆర్పేసి, టార్చి నేల మీద పడుకోబెట్టి వెలిగించేవారు. వెలుగు నేలబారుగా పోతే ఇసుక రేణువు కూడా నీడ వేస్తుంది, అలా దొరికిపోతుంది. బతుకంతా నీడలు తుడవటమే నా పని. ఆ పూట నేల మీద బోర్లా పడుకుని, ఒక్క నీడ కోసం ప్రార్థన చేశాను. బియ్యపుగింజ దొరికింది. తల పిన్ను దొరికింది. చచ్చిన ఈగ దొరికింది. పుస్తె దొరకలేదు. టార్చి పైకెత్తి కాగితం మీద కూడా వేశాను. పసుపు మరక కనబడింది, నేను పెట్టిన బొట్టే కదా అని టార్చి తిప్పేశాను.

గుమస్తా గారు వచ్చేసరికి నేను అలాగే నేల మీద ఉన్నాను. సంగతి విని ఆయన గోడకి చేరగిలబడిపోయారు.

"చంపేసారు కదండీ! అయ్యగారు పొద్దుటినుంచీ ఒకటే మాటండి. అమ్మగారి మెళ్ళో పసుపుతాడు చూసి, సూత్రాలేవి అంటున్నారు. అవి కళ్ళతో చూస్తే గానీ లోపలికి వెళ్ళనంటున్నారండి. ఇవాళ తప్పితే మళ్ళీ పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారో తెలీదు. అన్నాళ్ళు ఆగే గుండె కాదండి అది."

ఇద్దరం కలిసి మళ్ళీ వెతికాం. ఇక లాభం లేదని ఆయన లేచి, కొత్త పుస్తెల్లో ఆ కొలతదే ఒకటి తీశారు. నా పసుపు డబ్బాలో వేలు ముంచి దానికి రుద్దడం మొదలెట్టారు.

"ఏంటండీ ఆ పని? వద్దండి!"

"వద్దంటే మీరేమిస్తారండి ఆయనకి చూపించడానికి?"

"నేనూ వస్తాను, ఆవిడకి నిజం చెప్పాలి" అన్నాను. చెప్పులేసుకుని కారెక్కాను. గది తలుపు తాళం వేశానో లేదో కూడా చూసుకోలేదు.

నిడదవోలు దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. అది ఎంతకీ అవదు. గుమస్తా గారు స్టీరింగు మీద తల పెట్టుకున్నారు. నేను ఒళ్ళో ఉన్న చిన్న డబ్బా మూత తీస్తున్నాను, వేస్తున్నాను. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఎంత పసుపు రాస్తే మాత్రం? పాతది చర్మంలా మెత్తగా ఉంది, కొత్తది అంచు కోసుకుపోతోంది. ఇలాంటి పూట మొగుడు లేనిదాని చేతిలో ఆవిడ పుస్తెలు! నాకు ఆ పట్టింపులు లేవు, మా పాస్టరు గారు వింటే మందలిస్తారు కూడా. అయినా ఆ డబ్బాని వేళ్ళ చివర్లతోనే పట్టుకున్నాను. కొవ్వూరు దాటి గోదావరి మీదికి వచ్చాక గుమస్తా గారు కిటికీ దించి ఒక నాణెం నీళ్ళలోకి విసిరి, స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టారు. "ముందు చూసి నడపండి మహానుభావా" అని అరిచాను. ఆయనకి వినబడలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు బయట స్ట్రెచర్ మీద ఉన్నారు షావుకారు గారు. బజారంతా వినబడే గొంతు ఆయనది. ఆకుపచ్చ గౌనులో, టోపీ పెట్టిన ఆ మనిషి ఆయనేనా అనిపించింది. భార్య పక్కనే నిలబడి ఉంది, మెళ్ళో పసుపుకొమ్ము.

"ఏవి? తెచ్చారా?" అన్నారాయన. ఆ గొంతు పీలగా వచ్చింది.

నేను డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ మూత తీసి, రెండు పుస్తెల్నీ అరచేతిలో వేసుకుని బొటనవేలితో ఒక్కసారి రాసింది. ఆ వేలు ఆగిపోవడం నేను చూశాను.

"అమ్మగారూ, ఒక్కమాట..." అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. తర్వాత భర్త వైపు తిరిగి, ఆ వరండా అంతా వినబడేట్టు చెప్పింది.

"ఇవేనండి. రెండూ నావే. చూడండి, నేను చెప్పలేదూ, వచ్చేస్తాయని?"

పసుపుతాడు మెళ్ళోంచి తియ్యకుండానే ముడి సడలించి, వాటిని ఎక్కించుకుని, వంగింది. ఆయన సూది గుచ్చి ప్లాస్టర్ వేసిన చేత్తో తడబడుతూ, ముడి బిగించారు. "త్వరగా కానివ్వండి సార్" అంది నర్సు. ఆయన పుస్తెల్ని ఒకసారి ముట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఇక పదండి" అన్నారు. తలుపులు మూసుకున్నాయి.

ఆవిడ బెంచీ మీద కూలబడింది. గుమస్తా గారు మందుల చీటీ పట్టుకుని కిందకి జారుకున్నారు. నన్ను ఒక్కదాన్నీ వదిలేసి!

"ఈ రెండోది ఎవరిదండీ?" అని అడిగింది ఆవిడ, నెమ్మదిగా.

"ఎవరిదీ కాదండి. కొత్తది. మీది నా గదిలోనే ఎక్కడో పడిపోయింది. చెబుదామనే వచ్చానండి, ప్రమాణం."

"తెలుసండి. మీ మొహం చూడగానే తెలిసింది." మెళ్ళో ఉన్న పాతదాన్ని వేలితో తడిమింది. "పోయింది అత్తింటిది."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. "ఆయన చాలా పిరికివారండి. ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఇంజక్షనుకి కూడా నా చెయ్యి పట్టుకోవాలి. అది పోయిందని తెలిస్తే ఆ భయంతోనే పోతారు. అందుకని అలా అనేశాను. ఇప్పుడు నాకు ఒణుకొస్తోందండి" అంది. నా చెయ్యి ఆవిడ మోకాళ్ళ మీద వేశాను.

అలా ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు. తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరం లేచాం. ఏ నర్సో బయటికి వచ్చి మమ్మల్ని చూడకుండా వెళ్ళిపోతే, చూడలేదెందుకని భయం. చూస్తే, ఎందుకు చూసిందని భయం. నాకు ఈ బెంచీలు కొత్త కాదు. ఇలాంటి బెంచీ మీదే, ఇలాంటి తలుపు ముందే నేను ఒకసారి కూర్చున్నాను. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఇద్దరం దాని జోలికి వెళ్ళకుండా చాలాసేపు ఓపిక పట్టాం. చివరికి ఆవిడే అడిగింది.

"మీవారికీ గుండెదే కదండీ?"

"అవునండి."

"ఆయన లోపలికి వెళ్ళినప్పుడు..." ఆవిడ నా మెడ వైపు చూసి, చూపు తిప్పుకుంది. "మీ మెళ్ళో ఉన్నాయా?"

ఏం చెప్పాలి? ఉన్నాయంటే, వాటికి ఏ శక్తీ లేదని ఆవిడ చెవిలో ఊదినట్టు. లేవంటే, పుస్తె లేకపోతే మనిషి పోతాడని తీర్పు చెప్పినట్టు.

"ఉన్నాయండి" అన్నాను. "రెండూ ఉన్నాయి. పాస్టరు గారు కూడా పక్కనే ఉన్నారు."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం అవుతుండగా డాక్టరు గారు బయటికి వచ్చి, బాగానే జరిగిందమ్మా అన్నారు. ఆవిడకి వినబడలేదు, నేనే మళ్ళీ చెప్పాను. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషమే, కాదనను. కానీ ఆ మాట నా తలుపు ముందు నాకు ఎవరూ చెప్పలేదు కదా, అదీ ఉంది ఆ ఏడుపులో.

బస్సులో ఇంటికొచ్చి, నేరుగా గదిలోకి వెళ్ళి లైట్లన్నీ వేశాను. కాగితం మెరిసిపోతోంది. పై మూలన నా పసుపు బొట్టు, పెట్టినచోటే ఉంది. మరి నేను టార్చిలో చూసిన మరక? అది కింద ఉంది, టేబుల్ అంచు దగ్గర, కాగితం వంగి దిగే చోట, సన్నగా సాగిన పచ్చగీత! గీత పోయిన దారినే వెళ్ళి, మోకాళ్ళ దగ్గర చుట్టుకుని ఉన్న కాగితాన్ని మెల్లగా విప్పాను. లోపలి మడతలో, మైనంతో అంటుకుని, అత్తింటి పుస్తె. అరచేతిలోకి తీసుకుని అక్కడే కూర్చుండిపోయాను.

షావుకారు గారిని గదికి మార్చాక వెళ్ళి ఇచ్చాను. ఆయన నిద్రపోతున్నారు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, బొటనవేలితో రాసింది. ఈసారి వేలు ఆగలేదు. వెంటనే తాడుకి ఎక్కించుకుంది. ఇక కొత్తది తీసి నాకు ఇస్తుందని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"అమ్మగారూ, మూడున్నాయండి."

"తెలుసండి."

"ఆయన చూస్తే?"

"ఆయన లెక్కపెట్టరండి. ఉన్నాయా లేవా అనే చూస్తారు." మూడింటినీ గుప్పిట్లో పట్టుకుంది. "మీ మెళ్ళో రెండూ ఉన్నాయని మీరు ఆ రోజు చెప్పింది నేను నమ్మానండి. నిజంగా నమ్మాను. ఈ అత్తింటిది లేకుండానే ఆయన బయటికొచ్చారు, అదీ నా కళ్ళతో చూశాను. కానీ ఈ కొత్తది మెళ్ళో ఉండగా వచ్చారు కదండీ. ఇప్పుడు ఇందులో ఏది తియ్యమంటారో మీరే చెప్పండి, తీసేస్తాను."

ఆవిడ గుప్పిట తెరిచి నా ముందు పెట్టింది. ఆ మూడు పుస్తెల్లోనూ ముగ్గురం కనబడుతున్నాం, చిన్నగా, ఆవిడా, నేనూ, వెనక మంచం మీద నిద్రపోతున్న ఆయన. బంగారం ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో ఈ లోకంలో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కొత్తది తీసుకుందామని నా వేలు దాని దాకా వెళ్ళింది. మంచం మీద ఆయన ఒక్కసారి దగ్గారు.

చెయ్యి వెనక్కి లాగేసుకున్నాను.

"ఏదీ తియ్యకండమ్మా" అన్నాను.